క్షతగాత్రుడు లేని చోట వైద్యదళం ఏం చేస్తుంది?

సైనిక వైద్యదళం అనగానే తూటాల మధ్య స్ట్రెచర్ పట్టుకుని పరుగెత్తే మనుషులు గుర్తుకు వస్తారు. భారత సైన్యంలోని ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసే వారి సర్వీసు చాలా వరకు అలా గడవదు. అది సైనిక ఆసుపత్రుల వార్డుల్లో, యూనిట్లలోని ఎంఐ రూముల్లో (మెడికల్ ఇన్‌స్పెక్షన్ రూములు, అంటే యూనిట్ చికిత్సా గదులు), తమ బెటాలియన్‌తో కలిసి ఎడారిలోనో కొండల్లోనో అడవి అంచునో చేసే ఫీల్డ్ శిక్షణలో గడుస్తుంది. ఆ శిక్షణలో సాధారణంగా తూటా దెబ్బ తిన్న మనిషి ఉండడు. ఉండేది మెడలో "కడుపులో తూటా గాయం" అని రాసిన కార్డు వేలాడుతున్న ఒక ఆరోగ్యవంతుడైన సిపాయి. నవ్వు ఆపుకుంటున్న అతడిని మోసుకుపోయి, కట్టు కట్టి, వాహనం ఎక్కించి, సాయంత్రం అతడి పక్కనే కూర్చుని రొట్టె తినడం వల్ల వైద్యానికి ఒరిగేదేమిటి?

అది అభ్యాసం అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. కట్టు కట్టడం, సెలైన్ ఎక్కించడం, విరిగిన ఎముక కదలకుండా బద్దలు వేయడం ఆసుపత్రిలో ఇంకా బాగా నేర్చుకోవచ్చు, ఎందుకంటే అక్కడ నిజమైన రోగులుంటారు. ఆసుపత్రిలో నేర్చుకోలేనిది వేరే ఉంది. గాయపడిన మనిషిని ఒకరి చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి అప్పగించడం, అదీ చీకట్లో, ఒళ్లు అలసి ఉన్నప్పుడు, ముందువాడు ఏం చేశాడో నింపాదిగా అడిగి తెలుసుకునే వ్యవధి లేనప్పుడు అప్పగించడం, గుడారాల మధ్యనే అలవడుతుంది. ఫీల్డ్ శిక్షణ ప్రధానంగా ఆ అప్పగింతకు సాధన అనీ, వైద్యదళాల్లో కనిపించే స్నేహం కూడా ఆ పనికి కావలసిన సామగ్రిలో ఒకటేననీ నా అభిప్రాయం.

ఎవరెవరు ఉంటారు

బయటివారికి అందరూ "మెడికల్ వాళ్లే" అయినా ఇందులో పలు రకాల మనుషులు ఉన్నారు. ఇండియన్ మెడికల్ సర్వీస్, ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్, ఇండియన్ హాస్పిటల్ కోర్ అనే మూడు వ్యవస్థలను కలిపి 1943 ఏప్రిల్ 3న ఈ కోర్‌ను ఏర్పాటు చేశారు. దాని ధ్యేయవాక్యం "సర్వే సంతు నిరామయా". వైద్యాధికారుల్లో కొందరు 1948లో పుణెలో మొదలైన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ నుంచి వస్తారు; మరికొందరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఎంబీబీఎస్ చదివి, కొన్నేళ్లకు పరిమితమైన షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా చేరతారు. లక్నోలోని ఏఎంసీ (ఆర్మీ మెడికల్ కోర్) సెంటర్ అండ్ కాలేజీలో మెడికల్ ఆఫీసర్స్ బేసిక్ కోర్సు చేసేటప్పుడు ఈ డాక్టర్లు జీవితంలో తొలిసారి మ్యాపు చదవడం, ఆయుధం విప్పి శుభ్రం చేయడం, గుడారంలో ఆసుపత్రి నడపడం నేర్చుకుంటారు. ఇంటర్ బైపీసీ తర్వాత సైన్యంలో టెక్నికల్ నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరే మన అబ్బాయిలు కూడా ఈ కోర్‌కు చెందినవారే. పగలూ రాత్రీ రోగి దగ్గర ఉండేది ఎక్కువగా వీరే.

వీరు కాక, కోర్‌కు చెందకుండానే వైద్యం చేసేవారు మరో రెండు రకాలు. ఒకరు బ్యాటిల్ ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్లు. వీరు పదాతిదళ సిపాయిలే. తమ బెటాలియన్ డాక్టర్ దగ్గర ప్రథమ చికిత్స నేర్చుకుని, తుపాకీతో పాటు మందుల సంచి కూడా మోస్తారు. రెండోవారు బ్యాండు వాయించేవారు. పరేడ్ మైదానంలో డోలు, బ్యాగ్‌పైపు పట్టుకునే ఈ మనుషులు యుద్ధంలో స్ట్రెచర్ మోయడం బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ.

ఈ తేడాలకు చట్టపరమైన పర్యవసానాలూ ఉన్నాయి. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం ప్రకారం పూర్తికాలం వైద్యసేవలో ఉన్నవారికి ఎల్లవేళలా రక్షణ ఉంటుంది. స్ట్రెచర్ మోయడానికి తర్ఫీదు పొందిన మామూలు సైనికులకు మాత్రం ఆ పనిలో ఉన్నంత సేపే ఉంటుంది. వైద్య సిబ్బంది తమను, తమ రోగులను కాపాడుకోవడానికి ఆయుధం పట్టినా ఆ రక్షణ పోదు. కాబట్టి శిక్షణ శిబిరంలో నర్సింగ్ అసిస్టెంట్ రాత్రి కాపలాకు తుపాకీతో నిలబడి కనిపిస్తే అందులో వైరుధ్యమేమీ లేదు.

గాయం నుంచి శస్త్రచికిత్స దాకా

క్షతగాత్రుడి ప్రయాణం ఇలా సాగుతుంది. ప్రతి సైనికుడి దగ్గరా ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్ అనే కట్టు పొట్లం ఉంటుంది. దెబ్బ తగలగానే అతడి బడ్డీ, అంటే అతడికి జోడీగా ఉన్న సిపాయి, ఆ పొట్లం విప్పి కట్టు కడతాడు. తన కట్టు ఇతరులకు వాడరాదని, గాయపడినవాడి కట్టే అతడికి వాడాలని మొదటి రోజే నేర్పుతారు, ఎందుకంటే మరుక్షణం తనకే అవసరం రావచ్చు. తర్వాత బ్యాటిల్ ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్ వస్తాడు. అక్కడి నుంచి స్ట్రెచర్ మీద బెటాలియన్ ఎయిడ్ పోస్టుకు తీసుకువెళతారు. అక్కడ ఉండే డాక్టర్‌ను రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ అని, పొట్టిగా ఆర్‌ఎంఓ అని పిలుస్తారు. ఆ తర్వాత వచ్చేది ఫీల్డ్ అంబులెన్స్. అది వాహనం పేరు కాదు, ముందుభాగాన డ్రెస్సింగ్ స్టేషన్లు నడిపే ఒక పూర్తి వైద్య యూనిట్. కొంతకాలంగా ఇలాంటి యూనిట్లు ఫీల్డ్ హాస్పిటల్ పేరుతో ఉన్నాయి. దానికి వెనుక ఫార్వర్డ్ సర్జికల్ సెంటర్, ఇంకా వెనుక పెద్ద ఆసుపత్రులు.

ఈ మార్గంలో మొదటి రెండు అంచెలు ఎందుకంత కీలకమో అమెరికా సైనిక వైద్యులు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపించింది. 2001 నుంచి 2011 వరకు ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల్లో గాయాలతో చనిపోయిన 4,596 మంది తమ సైనికుల వివరాలను వారు పరిశీలించారు. దాదాపు 87 శాతం మంది ఏ చికిత్సా కేంద్రానికీ చేరకముందే పోయారు. అలా చేరలేకపోయిన వారిలో సుమారు నాలుగో వంతు మందిని బతికించే అవకాశం ఉండేది. ఆ నాలుగో వంతులో పదింట తొమ్మిది మరణాలకు కారణం రక్తస్రావం. అంటే సర్జన్ ఎంత నిపుణుడైనా అతడి చేతికి రోగి అందాలంటే, అంతకు ముందే ఎవరో ఒక సిపాయి టూర్నికె, అంటే నెత్తురు ఆపే పట్టీ, బిగించి ఉండాలి. ఒకప్పుడు గత్యంతరం లేనప్పుడు మాత్రమే వాడమన్న ఆ పట్టీని, చేతికో కాలికో ప్రాణాంతకంగా నెత్తురు కారుతుంటే ఇప్పుడు అన్నిటికన్నా ముందే బిగించమంటున్నారు.

ఆ పట్టీ ఎప్పుడు బిగించారన్నది తర్వాతి చేతికి తెలియాలి. గంటలు గడిచే కొద్దీ పట్టీ కింద ఉన్న అవయవానికే ముప్పు. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇస్తే ఎంత, ఏ సమయానికి ఇచ్చారో తెలియాలి. తెలియకపోతే తర్వాతివాడు మళ్లీ ఇచ్చి ఊపిరి ఆగేలా చేయగలడు. ఈ వివరాలన్నీ ఫీల్డ్ మెడికల్ కార్డు మీద రాయాలి. వర్షంలో తడిసిన కార్డు మీద, వణికే చేత్తో, ఎవరో గబగబా గీకిన అంకె ఏడా ఒకటా అన్నది అర్థం కావాలంటే ఆ రాత తెలిసి ఉండాలి. "ఇది ఫలానా నాయక్ రాత, అతడు ఏడు అంకెకు అడ్డగీత పెడతాడు" అని చెప్పగలిగే మనిషి అక్కడ ఉంటే పని సులువవుతుంది. వైద్య పుస్తకాలు చెప్పని ఇలాంటి జ్ఞానం కలిసి వారాల తరబడి బతికితే తప్ప రాదు.

ఉదయం సిక్ రిపోర్టు, ఆ తర్వాత నీళ్లు

బెటాలియన్‌తో వెళ్లిన ఆర్‌ఎంఓ జట్టు చిన్నది. ఒక డాక్టర్, చేతికింద కొద్దిమంది నర్సింగ్ అసిస్టెంట్లు, ఒక గుడారం, మందుల పెట్టెలు. శిబిరంలో తెల్లవారకముందే చాయ్ వస్తుంది, వెంటనే సిక్ రిపోర్టు మొదలవుతుంది. ఒంట్లో బాగోలేని సిపాయిలు వరుసలో నిలబడతారు. పాదాల పొక్కులు, నీళ్ల విరేచనాలు, జ్వరం, మోకాలి నొప్పి, ముళ్లు గుచ్చుకున్న చేతులు, చర్మ వ్యాధులు ఎక్కువగా వస్తుంటాయి. యుద్ధాల చరిత్రలో చాలా కాలం పాటు ఆయుధాల కన్నా రోగాలే ఎక్కువ మంది సైనికులను పొట్టన పెట్టుకున్నాయని గుర్తుంటే ఈ వరుసను చిన్నచూపు చూడలేము.

ఆ వరుసలో వైద్య సిబ్బందికి ఒక ఇరకాటం ఉంది. డ్యూటీ నుంచి మినహాయింపు అడుగుతున్న సిపాయి నిన్న రాత్రి తనతో ఒకే కంబళి పంచుకున్నవాడు కావచ్చు. అతడికి నిజంగా నొప్పి ఉందా, రాత్రి జరగబోయే సుదీర్ఘ మార్చ్ తప్పించుకోవాలని చూస్తున్నాడా? కాదని పంపేస్తే స్నేహం చెడుతుంది. ఊరికే ఒప్పుకుంటే అతడి బరువు మిగిలిన వారి భుజాల మీద పడుతుంది, ఆ సంగతి అందరికీ తెలుస్తుంది. పైగా కొందరు దీనికి పూర్తిగా విరుద్ధం. పిక్కలో చీలిక పెట్టుకుని కూడా తన సెక్షన్ ముందు పరువు పోతుందని నోరెత్తరు. అనుభవమున్న నర్సింగ్ అసిస్టెంట్ సిక్ రిపోర్టుకు వచ్చినవారి కన్నా రానివారి మీద ఎక్కువ కన్నేసి ఉంచుతాడు. లంగరు, అంటే శిబిరం వంటశాల, దగ్గర రొట్టెల కోసం నిలబడ్డప్పుడు ఎవరు కుంటుతున్నారో చూస్తాడు. ఆ చూపు అతడు వాళ్లతో కలిసి తింటున్నాడు కనుకే సాధ్యమవుతుంది.

డాక్టర్ పరిస్థితి మరింత చిత్రమైనది. ఆర్‌ఎంఓ సాధారణంగా కెప్టెన్ హోదాలో ఉండే యువకుడు. బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ ఆజ్ఞకు లోబడి ఉంటూనే, వైద్య విషయాల్లో డివిజన్ స్థాయి వైద్యాధికారికి జవాబుదారీ. ఫలానా కంపెనీలో ఎండదెబ్బ లక్షణాలు కనిపిస్తున్నాయి, మధ్యాహ్నపు మార్చ్ ఆపాలి అని పెద్దాయనకు చెప్పవలసింది అతడే. ఆ సలహాకు విలువ ఉండాలంటే, అతడు అంతకు ముందు వారం అదే కంపెనీతో అదే బరువు మోసుకుని నడిచి ఉండాలి. గుడారంలో కూర్చుని సలహాలిచ్చే డాక్టర్‌ను మర్యాదగా "డాక్టర్ సాబ్" అనే అంటారు, కానీ అతడి మాట వినరు. రెజిమెంట్ గోర్ఖాలది అయితే గోర్ఖాలీ, సిక్కులది అయితే పంజాబీ నాలుగు ముక్కలు నేర్చుకోక తప్పదు. కడుపునొప్పి ఎక్కడ, ఎలా ఉందో సిపాయి తన భాషలో చెప్పినంత కచ్చితంగా హిందీలో చెప్పలేడు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన డాక్టర్ పదాతి రెజిమెంట్‌లో రెండేళ్లు ఉండి వస్తే అతడి మాటలో ఆ రెజిమెంట్ యాస వినబడటం ఇందుకే.

సిక్ రిపోర్టు ముగిశాక నీళ్ల పని. శిబిరంలో వందల మంది తాగే నీరు చెరువు నుంచో బోరు నుంచో ట్యాంకర్‌లో వస్తుంది. అందులో ఎంత బ్లీచింగ్ పౌడర్ కలపాలో తేల్చడానికి సైనిక పరిశుభ్రత పాఠాల్లో తరతరాలుగా నేర్పుతున్నది హారక్స్ పరీక్ష. విలియం హారక్స్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడి పేరు మీద వచ్చిన ఈ పరీక్షకు కావలసినవి ఒక నల్లకప్పు, ఆరు తెల్లకప్పులు. నల్లకప్పులో 2 గ్రాముల బ్లీచింగ్ పౌడర్‌తో ద్రావణం చేస్తారు. తెల్లకప్పుల్లో పరీక్షించవలసిన నీరు పోసి, మొదటి దానిలో ఒక చుక్క, రెండో దానిలో రెండు, అలా ఆరో దానిలో ఆరు చుక్కల ద్రావణం వేస్తారు. అరగంట ఆగి, ప్రతి దానిలో స్టార్చ్ అయోడైడ్ సూచిక కలుపుతారు. వరుసలో మొదట ఏ కప్పులో స్పష్టమైన నీలిరంగు తేలితే ఆ సంఖ్యను రెండుతో గుణిస్తారు. మూడో కప్పులో తేలితే 455 లీటర్ల నీటికి 6 గ్రాములు కలపాలన్న మాట. ప్రయోగశాల లేకుండా, కరెంటు లేకుండా, హైస్కూలు లెక్కతో వందల మంది కడుపులు కాపాడే ఉపాయమిది. ఇప్పుడు క్లోరిన్ మాత్రలు, ఇతర పరికరాలు వచ్చినా, ఈ కప్పుల ముందు అరగంట గొంతుక్కూర్చునే పని జట్టుకు మరో మేలు కూడా చేస్తుందని నాకు అనిపిస్తుంది. ఆ అరగంటలో చేయడానికి వేరే పనేమీ ఉండదు, మాట్లాడుకోవడం తప్ప.

తర్వాత మరుగుదొడ్ల తనిఖీ. కొద్ది రోజుల మకాం అయితే లోతు తక్కువ కందకాలు, ఎక్కువ రోజులైతే లోతైనవి. అవి వంటశాలకు దూరంగా, నీటి వనరుకు దిగువన ఉండాలి; మట్టి కప్పడం మానితే ఈగలు, ఈగలతో విరేచనాలు. వంటవాళ్ల గోళ్లు చూడటం, ఎంగిలి గుంట పూడ్చించడం, కూరగాయలు కడిగే నీటిని ఆరా తీయడం కూడా వైద్యం కిందికే వస్తాయి. ఎంబీబీఎస్ చదివిన కెప్టెన్, బైపీసీ చదివిన సిపాయి కలిసి కందకం గట్టున నిలబడి ఇది సరిగా ఉందా లేదా అని వాదించుకునే చోట హోదాల దూరం ఎంతో కొంత తగ్గక తప్పదు. ఈ పనిని ఎవరూ ఫొటో తీయరు. సైన్యం నిలబడటంలో దాని వంతు టూర్నికె వంతు కన్నా తక్కువేమీ కాదు.

సాయంత్రం చీకటి పడే ముందు చొక్కా చేతులు కిందికి దించమని, దోమల మందు రాసుకోమని కేకలు వినిపిస్తాయి. ఈ కేకకు వెనుక తెలుగు నేలకు సంబంధించిన చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అతడు ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారి. తర్వాతి కాలంలో ఆర్మీ మెడికల్ కోర్‌లో కలిసిపోయిన మూడు వ్యవస్థల్లో అదొకటి. సైనిక ఉద్యోగంలో భాగంగా వచ్చిన చోట చేసిన ఆ పని 1902లో అతడికి నోబెల్ బహుమతి తెచ్చింది. చొక్కా చేతులు దించమనే హవల్దార్‌కు ఇదంతా తెలియనవసరం లేదు, దించకపోతే ఎవరు జ్వరంతో పడుకుంటారో మాత్రం అతడికి తెలుసు.

రాజస్థాన్ ఫైరింగ్ రేంజిల్లో శిక్షణ ఉంటే అన్నిటికన్నా భయం ఎండ. బరువు మోస్తూ వేడిలో కష్టపడే యువకుడికి ఎండదెబ్బ తగిలితే మొదట మారేది అతడి ధోరణి. తడబడతాడు, చిరాకు పడతాడు, పొంతన లేని మాటలు మాట్లాడతాడు. అతడి మామూలు ధోరణి ఏమిటో తెలిసినవాడే ఆ మార్పును పసిగట్టగలడు, కనుక బడ్డీయే ఇక్కడ మొదటి వైద్యుడు. చికిత్సలో సూత్రం ఒకటే: ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. వాహనం కోసం ఎదురుచూస్తూ కాలం గడపకుండా, దొరికిన నీటిలో ముంచో, తడిగుడ్డలు కప్పి విసిరో ఒంటి వేడిని అరగంటలోగా దించగలిగితే మెదడు, కాలేయం, మూత్రపిండాలు దక్కుతాయి.

చీకట్లో స్ట్రెచర్

ఫీల్డ్ హాస్పిటల్ యూనిట్ల శిక్షణ స్వభావం వేరు. వారి ప్రధాన పరీక్ష గుడారాల ఆసుపత్రిని విప్పి నిలబెట్టడం, మళ్లీ మడిచి మరోచోటికి తరలించడం. ఏ పెట్టె ఏ లారీలో, ఏ వరుసలో ఎక్కాలన్న పట్టిక దగ్గర అంతా మొదలవుతుంది. ఆక్సిజన్ సిలిండర్ ముందు ఎక్కి, దాని తాళంచెవి లాంటి చిన్న స్పానర్ వేరే లారీలో పోతే ఆపరేషన్ గుడారం గంట సేపు ఊరకే నిలబడి ఉంటుంది. అందువల్ల ఈ యూనిట్లలో స్టోర్ చూసే హవల్దార్ మాటకు సర్జన్ కూడా ఎదురు చెప్పడు.

అటుపై క్షతగాత్రుల రాక. కార్డులు వేలాడే సిపాయిలు ఒకేసారి పది పదిహేను మంది వస్తారు. ఎవరిని ముందు చూడాలి, ఎవరు ఆగగలరు, ఎవరికి ఇక చేయగలిగింది లేదు అని విడదీయడం అన్నిటిలో కఠినమైన అభ్యాసం. కాగితం మీద అది రంగుల వర్గీకరణ. మనుషుల మధ్య మాత్రం, తనకు తెలిసిన ముఖాన్ని చూసి "ఇతడు చివర" అని చెప్పడం. శిక్షణలో ఆ ముఖం మీది రక్తం ఎర్రరంగే అయినా కొందరు కొత్త సిపాయిలు అక్కడ తటపటాయిస్తారు. ఆ తటపటాయింపు శిక్షణలోనే బయటపడటం మంచిది.

స్ట్రెచర్ మోయడం బయటి నుంచి చూస్తే కండబలం పని. నిజానికి అది నలుగురి నడక కలవడం మీద ఆధారపడిన పని, మన ఊళ్లలో పల్లకి మోసిన బోయీలకు తెలిసిన విద్యే. ఎత్తులు కలిసేలా జోడీలు కుదుర్చుకుంటారు. సమతలంలో రోగి పాదాలు ముందుకు, ఎక్కుడులో తల ముందుకు. ఒకరు "ఎత్తు" అంటేనే నలుగురూ ఎత్తుతారు. ఆ నలుగురిలో సుబేదార్ ఉన్నా, ఆజ్ఞ ఇచ్చేది ఆ జట్టుకు నాయకుడిగా నియమితుడైన నాయక్ కావచ్చు. అక్కడ హోదా కన్నా స్థానం ముఖ్యం. రాళ్ల దారిలో కొంతదూరం పోయాక అరచేతులు బొబ్బలెక్కుతాయి, భుజాలు మార్చుకుంటారు, ఒకరి తిట్లు ఒకరు వింటారు.

క్షతగాత్రుడి పాత్ర అందరికీ వంతుల వారీగా ఇవ్వాలని నేనైతే గట్టిగా అంటాను. స్ట్రెచర్ మీద వెల్లకిలా కట్టేసి ఉన్నవాడికే కొన్ని సంగతులు తెలుస్తాయి. వాగు దాటేటప్పుడు ఎవరూ చెప్పకపోతే కడుపులో ఎంత దడ పుడుతుందో, ఒంటి నుంచి నెత్తురు పోతున్నవాడికి కంబళి ఎంత అవసరమో, అయిదు నిమిషాలు ఎవరూ పలకరించకపోతే మనసు ఎక్కడికి పోతుందో అతడికి అర్థమవుతుంది. ఒకసారి అలా మోయించుకున్నవాడు తర్వాత మోసేటప్పుడు రోగితో మాట్లాడుతూనే ఉంటాడు.

మెడికల్ కోర్‌లోకి దేశంలోని అన్ని ప్రాంతాల నుంచీ తీసుకుంటారు కనుక ఒక గుడారంలో మలయాళీ, గఢ్వాలీ, మరాఠీ, తెలుగు కుర్రాళ్లు కలిసి ఉంటారు. వాడుక భాష సైన్యపు హిందీ. శిక్షకుడిని "ఉస్తాద్" అని, సుబేదార్ లాంటి జేసీఓను (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్‌ను) "సాబ్" అని పిలుస్తారు. తెలుగువాళ్లు ఇద్దరు తారసపడితే వయసు లెక్క చూసుకుని "అన్నా", "తమ్ముడూ" అనుకుంటారు. దక్షిణాది వారందరినీ ఒకే గాటన కట్టి "మద్రాసీ" అనడం పూర్తిగా పోయిన అలవాటు కాదు, దాన్ని సరదాగా తీసుకునేవారూ ఉన్నారు, లోలోపల నొచ్చుకునేవారూ ఉన్నారు. ఇంటి నుంచి వచ్చిన పచ్చడి సీసా మాత్రం ఏ ప్రాంతం వాడిదైనా ఒక్క పూటలో ఖాళీ. చాయ్‌తో శక్కర్‌పారాలు, శిక్షణ ముగిశాక అన్ని హోదాల వారూ కలిసి తినే బడా ఖానా, ఆ రాత్రి పాటలు, ఒకరి నడకను ఒకరు అనుకరించి నవ్వించడం ఈ జీవితంలోని వెలుగు వైపు.

అక్కరకు వచ్చినప్పుడు

ఇలాంటి సాధన నిజమైన ఆపదలో ఏం చేసిందో చెప్పడానికి 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కన్నా మంచి ఉదాహరణ లేదు. కొరియా యుద్ధానికి భారత్ పోరాడే దళాలను పంపలేదు, లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వంలో దాదాపు 350 మందితో ఈ వైద్య యూనిట్‌ను పంపింది. 1950 నవంబరులో చేరుకున్న యూనిట్‌కు డిసెంబరులోనే చైనా సేనల ఒత్తిడికి ప్యాంగ్యాంగ్ నుంచి వెనుదిరగవలసి వచ్చింది. సామగ్రి తరలించడానికి వాహనాలు లేవు. వదిలేసి వెళ్లడానికి మనసొప్పక, ఒక పాత ఆవిరి ఇంజన్‌ను వెతికి పట్టుకున్నారు. వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటూ దాని బాయిలర్ నింపి, బండిని తామే నడుపుకుని సామగ్రితో సహా బయటపడ్డారు. ఈ కథను సాహసగాథగా చెప్పడం పరిపాటి. నాకు అందులో కనిపించేది ఇంకొకటి: ఎవరు ఎక్కడ నిలబడాలో వాదన లేకుండా వరుస కట్టగలిగిన మనుషులు, ఏ పెట్టె ఎందుకు విడిచిపెట్టకూడదో తెలిసిన మనుషులు. 1951 మార్చి 23న మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతో పాటు ఈ యూనిట్‌కు చెందిన 12 మంది పారాచూట్లతో దిగి శస్త్రచికిత్సలు చేశారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర లభించింది. యూనిట్ 1954 వరకు అక్కడే ఉంది.

అదే యూనిట్, ఇప్పుడు 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ పేరుతో, 2023 ఫిబ్రవరి భూకంపం తర్వాత ఆపరేషన్ దోస్త్‌లో భాగంగా తుర్కియే వెళ్లింది. 99 మంది బృందం ఇస్కందరూన్‌లో 30 పడకల ఆసుపత్రి నిలబెట్టి, రెండు వారాలు కూడా గడవకముందే 3,500 మందికి పైగా రోగులను చూసింది. భాష రాని చోట, చలిలో, పిలుపు వచ్చిన వెంటనే బయలుదేరి అది చేయగలగడం లారీ పట్టికల సాధన ఫలితమే.

తెలుగు తీరంలో కూడా ఇలాంటి సాధన జరుగుతోంది. భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి విపత్తు సహాయం మీద చేసే టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు 2019లో విశాఖపట్నం, కాకినాడల్లోనే మొదలయ్యాయి; కాకినాడ తీరాన ఉమ్మడి వైద్య శిబిరం ఏర్పాటు అందులో ఒక భాగం. తుపానులు తెలిసిన ఆ తీరానికి ఈ సాధన అక్కరలేనిదని ఎవరూ అనరు.

సియాచిన్ వైపు వెళ్లే జట్లకు శిక్షణ అంటే ముందు ఆగడం నేర్చుకోవడం. తొమ్మిది వేల అడుగుల నుంచి పన్నెండు వేల మధ్య ఆరు రోజులు, పదిహేను వేల దాకా మరో నాలుగు, ఆపైన ఇంకో నాలుగు రోజులు శరీరాన్ని అలవాటు చేయాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతుంది. తోటివాడి దగ్గు రాత్రికి రాత్రి మారితే గుడారంలోని మనిషే చెప్పాలి. తనకేమీ కాలేదని రోగి మొండికేయడం ఈ వ్యాధి లక్షణాల్లో భాగమే.

స్నేహం అడ్డం పడే చోట్లు

ఇదంతా చెప్పి ఈ అనుబంధాన్ని ఆకాశానికెత్తితే సగం నిజమే చెప్పినట్టు. బిగువైన జట్టు తన లోపాలను తానే దాచుకుంటుంది. తోటి నర్సింగ్ అసిస్టెంట్ మందు మోతాదు తప్పు రాస్తే పైకి చెప్పడం ద్రోహంగా అనిపిస్తుంది. ఇంటి సమస్యలతో నిద్రపట్టని మనిషిని నవ్వుతాలకు ఏడిపించి, అతడు నోరు విప్పే దారి మూసేయడం జరుగుతుంది. మందులిచ్చే మనిషికి తన నిద్రలేమి గురించి చెప్పుకునే చోటు మిగిలిన సిపాయిలకన్నా తక్కువ. అతడి రోగులందరూ అతడి మిత్రులే, అతడి డాక్టర్ అతడి పై అధికారి. విన్యాసం ముగిశాక జరిగే సమీక్షలో హోదాతో నిమిత్తం లేకుండా తప్పులు చెప్పుకునే ఆనవాయితీ ఉన్న యూనిట్లలో మొదటి ఇబ్బంది కొంత తీరుతుంది. రెండోది సమీక్షలతో తీరేది కాదు, మరో యూనిట్ డాక్టర్‌ను కలిసే వీలు కల్పించడం దానికి ఒక మార్గం.

ఇంకొక చిక్కు బదిలీలు. ఆర్‌ఎంఓ రెండు మూడేళ్లలో మారతాడు, నర్సింగ్ అసిస్టెంట్లు విడివిడిగా వేరే చోట్లకు పోతారు, బెటాలియన్ కూడా ఫీల్డ్ నుంచి పీస్ స్టేషన్‌కు, అంటే ప్రశాంత ప్రాంతపు స్థావరానికి, కదులుతుంది. కార్డు రాత, కేకల క్రమం, పెట్టెల వరుస దేశమంతటా ఒకేలా ఉండాలని కోర్ పట్టుబట్టడానికి కారణమిదే. పరిచయం లేనివారి మధ్య కూడా అప్పగింత సాగాలి కదా. బదిలీపై వెళ్లే డాక్టర్ కొత్తవాడికి స్టోర్ లెడ్జర్ లెక్క చూపించి సంతకం పెట్టించుకుంటాడు. లెడ్జర్‌లో లేని సంగతులు, అంటే ఏ కంపెనీలో ఎవరు మోకాలి నొప్పి దాస్తారు, ఏ ట్యాంకర్ నీటికి ఎక్కువ బ్లీచింగ్ పడుతుంది, కమాండింగ్ ఆఫీసర్‌కు చెడ్డ కబురు ఏ వేళలో చెప్పాలి అనేవి, ఎంఐ రూములో ఉండిపోయిన పాత హవల్దార్ ఒక్కొక్కటిగా చెబుతాడు. కొత్త డాక్టర్ వాటిలో సగం మొదటి విన్యాసంలో మరచిపోతాడు, రెండోసారి బెటాలియన్‌తో బయలుదేరే నాటికి మిగిలిన సగం తానే అడుగుతాడు.